ఏ చెత్త ఎవరి చేతికి?

ఇంట్లో పాడైపోయిన, పాతబడిన వస్తువులను ఏం చేయాలని పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ముందుగా ఒక విషయం. జవాబుల్లో తరచూ "ప్రమాదకర చెత్త" అన్న మాట వస్తుంది, అంటే పాదరసం, మందులు, సూదుల వంటి హాని చేసే చెత్త. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి ఇంటింటికీ ఇచ్చిన మూడు బుట్టల్లో ఎర్రబుట్ట దీనికే. హైదరాబాద్‌లో 2015లో ఇచ్చినవి ఆకుపచ్చ, నీలం బుట్టలు రెండే. అవి ఉన్నవాళ్లు మూడో బుట్ట సొంతంగా పెట్టుకోవాలి. పాత పెయింటు డబ్బా అయినా సరిపోతుంది, మూత ఉంటే చాలు. నిండడానికి నెలలు పడుతుంది. నిండాక చెత్తబండి అతనికి ఇచ్చేటప్పుడు అందులో ఏముందో నోటితో చెప్పి ఇవ్వండి.

ప్ర: మా అత్తయ్యగారికి జ్వరం చూస్తుంటే పాదరసం థర్మామీటర్ జారి గచ్చు మీద పగిలింది. పాదరసం పూసల్లా మంచం కిందికి దొర్లింది. చీపురుతో ఊడ్చేశాం. రెండేళ్ల పాప ఉన్న ఇల్లు. ఇంకేమైనా చేయాలా? — ఓ గృహిణి, కాకినాడ

చేయాలి. రెండు రోజులైనా ఆలస్యమేమీ కాదు. థర్మామీటర్లో పాదరసం సుమారు గ్రాము ఉంటుంది. భయపడాల్సింది దాన్ని తాకినందుకు కాదు, అది కంటికి కనపడకుండా ఆవిరవుతూ గదిలో ఉండిపోయినందుకు. చీపురుతో ఊడిస్తే పెద్ద పూస వంద చిన్న పూసలవుతుంది. చిన్నవైన కొద్దీ గాలి తగిలే భాగం పెరిగి ఆవిరి ఎక్కువవుతుంది. నేల మీద ఆడే పాప ముక్కుకు అందే ఎత్తులోనే ఈ ఆవిరి ఎక్కువగా ఉంటుంది కాబట్టి పని పూర్తయ్యేదాకా పాపను ఆ గదిలోకి రానివ్వకండి.

కిటికీలు బార్లా తెరిచి, మిగతా గదుల వైపు తలుపులు మూయండి. ఫ్యాను, ఏసీ ఆపండి. ఉంగరాలు, బంగారు గాజులు తీసి పక్కన పెట్టండి. పాదరసం తగిలితే బంగారం దాన్ని పీల్చుకుని తెల్లగా మారుతుంది. ఇప్పటికే ఉంగరం తెల్లబడి ఉంటే ఇంట్లో కాల్చి బాగుచేసే ప్రయత్నం వద్దు, పాదరసమంతా ఆవిరై మీ ముక్కులోకే వెళ్తుంది. కంసాలికి ఇచ్చేటప్పుడు పాదరసం అంటిందని తప్పక చెప్పండి, లేకపోతే ఆయన దాన్ని మామూలు మసే అనుకుని మంట మీద పెడతారు.

చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, గాజు పెంకులను మందపాటి కాగితంతో తీయండి. తర్వాత గదిలో లైటు తీసేసి టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వెలుగు కొట్టండి. ఎక్కడ పూస ఉంటే అక్కడ చుక్కలా మెరుస్తుంది. పాత శుభలేఖ అట్టలు రెండు తీసుకుని పూసలను నెమ్మదిగా ఒకదాని వైపు ఒకటి నెట్టండి, వాటంతట అవే కలిసి పెద్దవవుతాయి. చెవి మందు సీసాకు వచ్చే డ్రాపరుతో పీల్చి, అడుగున కాసిన్ని నీళ్లు పోసిన చిన్న సీసాలో వదలండి. పైన నీళ్లు ఉంటే ఆవిరి బయటకు రాదు. డ్రాపరుకు అందని నలుసులను వెడల్పాటి టేపుతో అద్ది తీయండి.

వాక్యూమ్ క్లీనర్ వాడితే దాని వేడిగాలి పాదరసాన్ని గదంతా చల్లుతుంది. తడిగుడ్డతో తుడిచి నీళ్లు తూములో పోయకూడదు. పాదరసం పడిన దుప్పటిని, బట్టలను వాషింగ్ మెషీన్‌లో వేయకండి, ఆ భాగం కత్తిరించి తీసేయండి. మీరు ఊడ్చిన చీపురును, ఆ చెత్తబుట్టలోని సంచిని కూడా ఈ సామానుతో కలిపి రెండు కవర్లలో మూటకట్టి, పైన "పాదరసం" అని రాసి ప్రమాదకర చెత్తలో ఇవ్వండి. గదికి ఒక రోజంతా గాలి తగలనివ్వండి.

పాప ఒక పూస మింగిందేమో అని అనుమానం ఉంటే కంగారు పడకండి. థర్మామీటర్లోని పాదరసం కడుపులో దాదాపుగా ఒంటికి పట్టకుండా బయటకు పోతుంది. గాజు పెంకు మింగితేనే అసలు ప్రమాదం. రెండిట్లో ఏది అనుమానమైనా డాక్టరుకు చూపించండి.

పగిలిన ట్యూబ్‌లైటు, సీఎఫ్ఎల్ బల్బుల గురించి అడిగిన మరో ఇద్దరికీ ఇదే జవాబు. వాటిలో పాదరసం మిల్లీగ్రాముల్లో ఉంటుంది కాబట్టి పావుగంట గది వదిలి బయటకు వెళ్లి, తర్వాత అట్టతో, తడి కాగితంతో ఎత్తితే చాలు. కాలిపోయిన ట్యూబ్‌లైటును పగలగొట్టి బుట్టలో పట్టించకండి. కొత్తది కొన్న అట్టపెట్టెలోనే పెట్టి ఇవ్వండి. ఎల్ఈడీ బల్బుల్లో పాదరసం ఉండదు, అవి ఎలక్ట్రానిక్ చెత్తలోకి వెళ్తాయి.

ప్ర: 50 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముకు చిల్లులు పెట్టి వంటింటి చెత్తతో ఎరువు చేస్తున్నాను. రెండు నెలలకు కుళ్లిన గుడ్ల కంపు, తెల్ల పురుగులు, అడుగున నల్లటి నీళ్లు. ఇరుగుపొరుగు గొడవ చేస్తున్నారు. ఆపేయనా? — ఓ పాఠకుడు, హనుమకొండ

ఆపకండి. మీ డ్రమ్ములో ఏం తక్కువైందో ఆ కంపే చెబుతోంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే లోపల గాలి లేదు, నీరు ఎక్కువైంది. మూత్రశాల ఘాటు వస్తే కూరగాయ తొక్కలు, పచ్చి ఆకులు ఎక్కువై ఎండు సరుకు చాలలేదు. పుల్లటి వాసన వస్తే అన్నం, పప్పు ముద్దకట్టి పులుస్తున్నాయి. మీది మొదటి రకం.

డ్రమ్మును పాత ప్లాస్టిక్ పట్టా మీద పూర్తిగా బోర్లించండి. ముద్దలు చితక్కొట్టి, ఉన్న చెత్తకు సమానంగా ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు, కొబ్బరి పొట్టు కలపండి. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే ఇంకా ఎండు సరుకు కావాలి. ఒకటి రెండు బొట్లు మాత్రమే వచ్చి, చెయ్యి తెరిచినప్పుడు ముద్ద నిలబడి, వేలితో తాకితే విడిపోతే అదే సరైన తడి. అరగంట నీడలో ఆరనిచ్చి మళ్లీ నింపండి. రెండు మూడు రోజుల్లో కంపు పోతుంది.

నింపేముందు డ్రమ్మును సరిచేయండి. అడుగున, పక్కల పెన్సిలు పట్టేంత చిల్లులు నాలుగంగుళాలకు ఒకటి ఉండాలి. కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తండి, లేకపోతే అడుగు చిల్లులు గచ్చుకు అతుక్కుని మూసుకుపోతాయి. అడుగున మూడంగుళాల మందాన కొబ్బరి పీచు పరవండి.

రోజువారీ లెక్క తూకంలో కాదు, గిన్నె కొలతలో పెట్టుకోండి. ఒక గిన్నె తడి చెత్తకు ఒక గిన్నె ఎండుటాకులు. ఆకులు దొరక్కపోతే అర గిన్నె కొబ్బరి పొట్టు. చాలామంది ఇక్కడే పొరపడతారు. అంగట్లో దొరికే కొబ్బరి పొట్టు దిమ్మను మొక్కలకు చేసినట్టే నీళ్లలో నానబెట్టి, ఆ తడి పొట్టునే డ్రమ్ములో వేస్తారు. అది నీరు పీల్చదు సరికదా, తనతో ఇంకా నీరు తెస్తుంది. దిమ్మను సుత్తితో కొట్టి పొడిగానే వాడాలి. పైన ఎప్పుడూ రెండంగుళాల ఎండు సరుకు కప్పి ఉంచండి. ఈగ గుడ్లు పెట్టేది పైన కనిపించే తడి మీదే.

పురుగుల విషయానికొస్తే, అంగుళం దాకా పెరిగి, బల్లపరుపుగా, బూడిద రంగులో ఉండేవి బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. అవి చెత్తను మనకంటే వేగంగా అరిగిస్తాయి, మనుషుల జోలికి రావు. సన్నగా, పాలలా తెల్లగా ఉన్నవి ఇంటి ఈగ పురుగులు. ఎండు కప్పు మందంగా వేసి, గుప్పెడు వేపపిండి చల్లితే తగ్గుతాయి. బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు మాత్రం చల్లకండి. పురుగులతోపాటు ఎరువు చేసే సూక్ష్మజీవులన్నీ చస్తాయి, మిగిలేది కంపు కొట్టే ముద్ద.

పెరుగన్నం, పప్పు మిగిలితే చిల్లుల గిన్నెలో నీరు వంచేసి, పిడికెడుకు మించకుండా వేయండి. టీ పొడిని కడిగి వేయండి, చక్కెరకు చీమలు వస్తాయి. గుడ్డు పెంకులు నలపండి. నిమ్మ, బత్తాయి తొక్కలు అప్పుడప్పుడూ ఫరవాలేదు. మామిడి టెంక, కొబ్బరి చిప్ప ఏడాదైనా అలాగే ఉంటాయి. చేప ముళ్లు, మాంసం ఎముకలు ఇంటి డ్రమ్ముకు పనికిరావు, కుక్కలూ పందికొక్కులూ వస్తాయి. బూజు పట్టిన ఆవకాయను మాత్రం ఎరువులో కలపనే కూడదు. అందులోని ఉప్పు సూక్ష్మజీవులనూ చంపుతుంది, తర్వాత మొక్క వేళ్లనూ మాడుస్తుంది. పూజ పూలు వేసేముందు దారం, జరీ, ప్లాస్టిక్ మెరుపులు తీసేయండి.

కొత్తగా మొదలుపెట్టేవారు లీటరు పుల్ల మజ్జిగనో, పాత ఎరువు రెండు గుప్పిళ్లో తొలి పొర మీద చల్లితే పని త్వరగా అందుకుంటుంది. తెల్లటి బూజు కనిపిస్తే సంతోషించండి, పని జరుగుతోందని అర్థం. డ్రమ్ము నిండాక రెండోది మొదలుపెట్టి, మొదటిదాన్ని వారానికోసారి కలియబెడుతూ నలభై రోజులు వదిలేయండి. వాన కురిసిన మట్టి వాసన వస్తే అయిపోయినట్టే. అనుమానముంటే జల్లెడ పట్టిన ఎరువులో పది మెంతులు చల్లి తడపండి. మూడు నాలుగు రోజుల్లో ఎనిమిదైనా మొలిస్తే కుండీల్లో వాడొచ్చు. మొలవకపోతే ఇంకో రెండు వారాలు ఆగండి. మూడు వంతుల మట్టికి ఒక వంతు ఎరువు. కుండీ నిండా ఎరువే పోస్తే మొక్క నిలదొక్కుకోదు.

ప్ర: పాలప్యాకెట్లు కడిగి ఇస్తున్నా పాత సామానతను తీసుకోవడం లేదు. చిప్స్ ప్యాకెట్లయితే చూడను కూడా చూడడు. తేడా ఏమిటి? — ఓ గృహిణి, కూకట్‌పల్లి

పాలప్యాకెట్‌కు ధర ఉంది. కానీ ఆ ధర పొడిగా, పాల వాసన లేకుండా, మోయదగ్గ బరువులో ఉన్నప్పుడే. పది ప్యాకెట్లు ఇస్తే అతనికి తూకం కూడా తూగదు. ప్యాకెట్‌ను మూల పూర్తిగా తెగిపోకుండా కత్తిరించండి. తెగిన చిన్న ముక్క ఎవరి చేతికీ చిక్కదు, నేరుగా తూములోకో కాలవలోకో పోతుంది. అర గ్లాసు నీళ్లు పోసి ఆడించి ఆ నీళ్లు మొక్కలకు పోయండి. పెద్ద అంచు కత్తిరించి, తీగకు క్లిప్పు పెట్టి బోర్లా ఆరేయండి. ఆరినవి నెల పాటు దాచి, మీ మెట్ల మీదున్న నాలుగిళ్లవీ కలిపి ఇవ్వండి. వద్దనేవాళ్లు తక్కువ.

నూనె ప్యాకెట్ చూడటానికి అలాగే ఉన్నా అందులో వేరు వేరు ప్లాస్టిక్కుల పొరలు అతికించి ఉంటాయి. పైగా జిడ్డు. రాత్రంతా గిన్నె మీద బోర్లిస్తే రెండు చెంచాల నూనె మీకే మిగులుతుంది, ప్యాకెట్ మాత్రం పొడి చెత్తలోకే. చిప్స్, బిస్కెట్ ప్యాకెట్ల లోపలి వెండి మెరుపు ప్లాస్టిక్‌కు పూతలా పట్టించిన అల్యూమినియం. రెండిటినీ విడదీయడం ఇప్పుడున్న తుక్కు వ్యాపారంలో గిట్టదు. అందుకే ఇవి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో బొగ్గుతోపాటు మండించడానికి వెళ్తాయి. అక్కడికి చేరాలన్నా తడి చెత్తతో కలవకూడదు. ఏది ఏదో తెలియకపోతే గుప్పిట్లో నలిపి వదలండి. మళ్లీ విచ్చుకుంటే మెరుపు ప్లాస్టిక్. నలిగినట్టే ఉండిపోతే అసలు అల్యూమినియం రేకు, దానికి ధర ఉంది.

సీసాలు, డబ్బాల అడుగున త్రిభుజంలో అంకె ఉంటుంది. 1 నీళ్ల సీసా, 2 షాంపూ, ఫినాయిలు డబ్బాలు, 5 పెరుగు డబ్బాలు. ఈ మూడూ పాత సామానతను తీసుకుంటాడు. 6 అంటే థర్మోకోల్, వాడిపారేసే గ్లాసుల రకం. 2022 జూలై 1 నుంచి థర్మోకోల్ అలంకరణ సామగ్రి, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్ల అమ్మకమే నిషిద్ధం. టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్‌ను ముక్కలు చేయకండి. ముక్కలైతే గాలికి ఎగిరి ఊరంతా పరుచుకుంటుంది. దిమ్మగానే ఇవ్వండి.

షాపు బిల్లుల్లో నున్నగా ఉండి గోటితో గీస్తే నల్లగీత పడేవి పాత కాగితాల్లో కలపకండి. వాటి మీద ఉన్నది సిరా కాదు, వేడికి నల్లబడే రసాయనం పూత.

ప్ర: నాన్నగారు పోయాక డబ్బా నిండా మందులు, ఇన్సులిన్ సూదులు, నొప్పి తగ్గే పట్టీలు మిగిలాయి. చెత్తలో వేయడానికి చేతులు రావడం లేదు. ఎవరికైనా ఇవ్వొచ్చా? — ఓ పాఠకురాలు, విశాఖపట్నం

గడువు చాలా ఉండి, స్ట్రిప్పు కత్తిరించకుండా ఉన్నవి మీ డాక్టరుకు చూపించండి. ఫ్రిజ్‌లో ఉంచాల్సినవి, సీల్ తీసిన సిరప్పులు, కళ్ల చుక్కలు ఎవరికీ ఇవ్వకండి. మిగిలినవి ఇలా చేయండి.

మాత్రలను స్ట్రిప్పు నుంచి తీసి, వాడిన టీ పొడి, మట్టి, రంపపు పొట్టు వంటి వాటిలో ఏదో ఒకదానితో కలపండి. సిరప్పును కూడా అందులోనే పోసి పీల్చుకోనివ్వండి. మాత్రలను పొడి చేయకండి, ఆ పొడి మీరే పీలుస్తారు. ఈ ముద్దను మూత ఉన్న డబ్బాలో వేసి టేపు చుట్టి ప్రమాదకర చెత్తలో ఇవ్వండి. కలపడం దేనికంటే, రంగురంగుల మాత్రలు అలాగే కనిపిస్తే చెత్త ఏరుకునే పిల్లలు తింటారు, గడువు దాటిన స్ట్రిప్పులు మళ్లీ అమ్మకానికి చేరిన సందర్భాలూ ఉన్నాయి. చీటీ మీద నాన్నగారి పేరు ఉంటే కొట్టేయండి.

యాంటీబయాటిక్‌ను తూములో పోయకండి. అది ఏ చెరువుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటుపడుతుంది. 2007లో వెలువడిన ఒక పరిశోధన హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చింది. అది పరిశ్రమల పాపమే. అయినా మన సింకు నుంచి దానికి తోడు చేయనక్కర్లేదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది మీకు అవసరం. నొప్పి తగ్గే పట్టీలు ఫెంటానిల్ అనే చాలా బలమైన నొప్పి మందువి అయితే, వాడేసిన పట్టీలో కూడా చిన్నపిల్లల ప్రాణం తీసేంత మందు మిగిలి ఉంటుంది. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఫెంటానిల్, మార్ఫిన్, ట్రమడాల్, టాపెంటాడాల్, డయాజెపామ్ సహా 17 మందులను టాయిలెట్‌లో వేసి నీళ్లు వదిలేయమంది. ఇంట్లో ఉంటే పొరపాటున ఎవరైనా వాడే ప్రమాదం, నీటిలో కలిసే నష్టం కన్నా పెద్దదని కారణం. పట్టీని అంటుకునే వైపు లోపలికి మడిచి వేయండి.

సూదులకు నీళ్ల సీసా చాలదు, పొడుచుకుని బయటకు వస్తాయి. ఖాళీ ఫినాయిలు డబ్బానో, బట్టల ద్రవ సబ్బు డబ్బానో తీసుకోండి. ముప్పావు నిండాక మూత బిగించి, టేపు చుట్టి, "సూదులు" అని పెద్ద అక్షరాలతో రాయండి. మీకు తెలిసిన ఆస్పత్రి తమ సూదులతోపాటు పంపడానికి ఒప్పుకుంటే అక్కడ ఇవ్వండి, లేదా ప్రమాదకర చెత్తలో. రోడ్డు పక్క చేత్తో చెత్త విడదీసే మనిషికి గుచ్చుకుంటే, అది ఎవరి సూదో తెలియక ఆమె పడే వేదన ఎంత ఉంటుందో ఆలోచించండి. ఆస్తమా పఫ్ఫర్‌ల (ఇన్‌హేలర్ల) డబ్బాకు చిల్లు పెట్టకూడదు, మంటలో వేయకూడదు, పేలుతుంది.

ప్ర: సంక్రాంతికి అరిసెలు, సకినాలు, జంతికలు వండాక మూడు లీటర్ల నూనె మిగిలింది. సింకులో పోస్తే వేడినీళ్లు పోయమంటారు. సరేనా? — ఓ పాఠకురాలు, తణుకు

సరికాదు. వేడినీళ్లు నూనెను మీ సింకు దాటిస్తాయంతే. పది అడుగులు పోయాక చల్లారి పైపు మలుపులో గడ్డకడుతుంది. పామాయిల్ అయితే చలికాలం రాత్రికి వెన్నలా పేరుకుంటుంది.

ముందు అది నిజంగా పారేయాల్సిందేనా చూడండి. చల్లార్చి పలుచటి గుడ్డతో వడకట్టండి. రంగు కొంచెమే మారి, వాసన బాగుంటే తాలింపుకు, కూరకు రెండు మూడు రోజుల్లో వాడేయండి. మళ్లీ మళ్లీ వేయించడానికి వద్దు, కొత్త నూనెలో కలపనూ వద్దు. పాతది కొత్తదాన్ని కూడా త్వరగా పాడుచేస్తుంది. నురగ పైకి పొంగినా, కాగకముందే పొగ వచ్చినా, వేళ్లకు జిగురుగా అంటినా దాని పని అయిపోయింది. హోటళ్లకైతే ఆహార భద్రత సంస్థ 2018 జూలై 1 నుంచి నూనె పదేపదే కాగితే పెరిగే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడకూడదని నిబంధన పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో అలాంటి నూనెను బయోడీజిల్‌కు మళ్లించే రూకో కార్యక్రమం మొదలుపెట్టింది.

పావు లీటరు దాకా అయితే ఊకలోనో, రంపపు పొట్టులోనో, పాత వార్తాపత్రికల్లోనో పీల్పించి చెత్తబండికి ఇవ్వండి. మూడు లీటర్లంటే అదే నూనె డబ్బాలో తిరిగి పోసి దాచండి. అపార్ట్‌మెంటులో పదిళ్లవీ కలిపితే ముప్పై లీటర్లవుతాయి, ఆహార భద్రత సంస్థ జాబితాలో ఉన్న సేకరణదారులు అప్పుడు వస్తారు. "సబ్బులకు కావాలి" అంటూ గుర్తింపు చూపకుండా కొనేవారికి మాత్రం అమ్మకండి. ఆ నూనె రేపు బజ్జీల బండి మీద కాగి మళ్లీ మన పిల్లల కడుపులోకే రావచ్చు.

ప్ర: ఇన్వర్టర్ బ్యాటరీ పోయింది. పాత సామానతను యాసిడ్ వంచేసి ఇవ్వమంటున్నాడు. ఇంకో సంగతి, పాత ఫోను వెనక మూత ఉబ్బి లేచింది. — ఓ పాఠకుడు, అనంతపురం

యాసిడ్ వంచకండి. అందులో సల్ఫ్యూరిక్ యాసిడ్‌తోపాటు కరిగిన సీసం ఉంటుంది. మీ పెరట్లో పోస్తే అది మట్టిలో నుంచి ఎక్కడికీ పోదు. అతను వంచమనేది మోత బరువు తగ్గడానికి, పలకల కోసం. తర్వాత ఆ సీసాన్ని ఏ ఇళ్ల మధ్యో పొయ్యి మీద కరిగిస్తారు, పక్కింటి పిల్లల రక్తంలో తేలుతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీలను సేకరించి శుద్ధికి పంపే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. కొత్త బ్యాటరీ కొన్న దుకాణంలోనే పాతది యాసిడ్‌తో సహా ఇవ్వండి. పాతదానికి ఇచ్చే తగ్గింపు ఎంతో బేరం మొదట్లోనే అడిగి, బిల్లులో రాయించుకోండి. తీసుకెళ్లేటప్పుడు నిలువుగానే ఉంచండి. ఒలికితే వంట సోడా చల్లండి, నురగ ఆగేదాకా చల్లి తర్వాత కడగండి.

ఉబ్బిన ఫోనును ఛార్జింగ్ పెట్టకండి, మూత నొక్కి సరిచేయకండి, సూదితో గాలి తీద్దామనుకోకండి. లోపలిది గాలి కాదు, మండే వాయువు. స్విచాఫ్ చేసి, ఇనుప డబ్బాలో పొడి ఇసుక పోసి అందులో పెట్టి, మంచానికీ పరుపుకీ దూరంగా ఉంచండి. ఆ కంపెనీ సర్వీసు సెంటరులోనో, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోటో ఇవ్వండి, ఉబ్బిందని చెప్పి ఇవ్వండి. మామూలు చెత్తలో వేస్తే బండి లోపల చెత్తను అణిచే యంత్రం కింద నలిగి మంట అంటుకుంటుంది. బాగున్న పాత ఫోను ఇచ్చేటప్పుడు సిమ్ము, మెమరీ కార్డు తీసి, గూగుల్ ఖాతా తొలగించి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

రిమోట్లు, బొమ్మల్లోని గుండీ బ్యాటరీలు తీసిన వెంటనే రెండువైపులా టేపు అతికించండి. పసివాళ్లు మింగితే రెండు గంటల్లోనే గొంతును లోపలి నుంచి కాల్చేస్తుంది. మింగారని అనుమానం వచ్చినా ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

ప్ర: పాప డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి తడి చెత్తలోనే వేస్తున్నాం. తప్పా? — ఓ తల్లి, ఖమ్మం

తప్పే. అందులోని ప్లాస్టిక్ పొర, నీరు పీల్చే గుళికలు ఎరువు కావు, మొత్తం ఎరువునే చెడగొడతాయి. డైపర్‌లోని మలాన్ని ముందు టాయిలెట్‌లో విదిలించండి. లోపలికి చుట్టి, దాని అంటుపట్టీలతోనే బిగించి, వార్తాపత్రికలో కట్టి, ఎర్రటి చుక్క పెట్టి విడిగా ఇవ్వండి. విప్పి చూడాల్సిన అవసరం కార్మికులకు రాకూడదనే ఆ చుక్క. ఫ్లష్‌లో వేస్తే నీళ్లు పీల్చి ఉబ్బి పైపును పూర్తిగా మూసేస్తాయి.

ప్ర: మాది పల్లెటూరు. చెత్త కుప్పపోసి తగలబెట్టడమే అలవాటు. వేరే దారి ఉందా? — ఓ రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

పంచాయతీ ట్రాక్టరు వస్తుంటే ప్లాస్టిక్, గాజు, డబ్బాలు పొడిగా దానికివ్వండి. తడిదంతా పెంటకుప్పకు ఎలాగూ చేరుతుంది, ప్లాస్టిక్ కలవకుండా చూస్తే చాలు. కాల్చడం మాత్రం మానాలి. చిన్న మంటలో ప్లాస్టిక్ పూర్తిగా కాలదు. పైపులు, రెగ్జిన్, వైర్ల పైతొడుగు వంటి పీవీసీ సామాను కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుట్టి గాలిలో, గడ్డి మీద, అది మేసిన గేదె పాలలోకి చేరతాయి. పురుగుమందు డబ్బాలు ఖాళీ అయ్యాక స్ప్రేయర్‌కు నీళ్లు కలుపుతున్నప్పుడే మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రేయర్‌లోనే పోసుకోండి. తర్వాత డబ్బా అడుగున చిల్లులు పెట్టండి, మళ్లీ ఎవరూ మంచినీళ్లకు వాడకుండా.

ప్ర: పిల్లవాడు పట్టుబట్టి కొన్న ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుణ్ని బకెట్లో నిమజ్జనం చేస్తే వారమైనా కరగలేదు. — ఓ పాఠకురాలు, సికింద్రాబాద్

మట్టి బొమ్మ ఒక రాత్రికి విడిపోతుంది, ప్లాస్టర్ నీటిలో కరగదు. దీనికి పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల చూపిన దారి అమ్మోనియం బైకార్బొనేట్. బిస్కెట్లు చేసే బేకరీ సామాను దుకాణాల్లో బేకింగ్ అమ్మోనియా పేరుతో దొరుకుతుంది. వంట సోడా దీనికి బదులు పనికిరాదు.

ఉద్వాసన చెప్పాక బట్టలు, పూసలు, కిరీటం అట్ట తీసేయండి. బొమ్మను తూచి, అంత తూకమే పొడి తీసుకోండి. బొమ్మ పూర్తిగా మునిగేంత నీటిలో ఆ పొడి కలిపి బొమ్మను ఉంచండి. అమ్మోనియా ఘాటు గట్టిగా వస్తుంది కాబట్టి డాబా మీదో పెరట్లోనో పెట్టండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి, మూత గట్టిగా బిగించకండి. రంగు పూత మందంగా ఉంటే ద్రావణం లోపలికి పట్టదు, ముందే వీపు వైపు గీకి తెల్లటి ప్లాస్టర్ బయటపడేలా చేయండి. రోజుకు మూడుసార్లు కర్రతో కలియబెడితే రెండు మూడు రోజుల్లో విడిపోతుంది. అడుగున చేరే తెల్ల ముద్ద సుద్దలాంటిది, ఇంటి రిపేరు మట్టితో కలిపి పంపేయొచ్చు. పైన తేరిన నీటిలో ఉండేది అమ్మోనియం సల్ఫేట్, రైతులు వాడే ఎరువే. గుడ్డతో వడకట్టి, ఇరవై రెట్లు నీళ్లు కలిపి పూలచెట్లకు పోయండి. రంగులు కలిసిన నీరు కాబట్టి ఆకుకూరలకు, తులసికి వద్దు.